వార్షిక నివేదిక: టేపు ముక్కలతో సంగీతం కట్టినవాళ్లతో ఒక ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

పండుగల సంగతి ముందు నాలుగు మాటల్లో చెప్పేస్తాను. ఉగాది, వినాయక చవితి, దీపావళి, సంక్రాంతి అన్నీ సందడిగా జరిగాయి. వంటలు, హాలు సర్దుళ్లు, పిల్లల నాటికలు నెత్తిన వేసుకున్న వాళ్లందరికీ కార్యవర్గం తరఫున కృతజ్ఞతలు. ఆదివారం తెలుగు బడి ఎక్కడా ఆగలేదు. జమాఖర్చుల పట్టికను కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు మన శ్రవణ విభాగానికి ఇస్తున్నాను. ఈ ఏడాది అక్కడ జరిగిన పని రికార్డులో ఉండాలని నా కోరిక.

రేడియో నాటకాల మీద ఒక వరుస కార్యక్రమం పెట్టమని కిందటి సర్వసభ్య సమావేశంలో పెద్దవాళ్లు అడిగారు. ఆకాశవాణి విజయవాడ, హైదరాబాద్ కేంద్రాల నాటకాలు వింటూ పెరిగిన తరం వాళ్లది. ఇంగ్లండులో పుట్టిన మన పిల్లలకు ఆ రేడియో తెలియదు. కానీ టీవీలో 'డాక్టర్ హూ' అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ ట్యూను మొదలైతే చాలు, ఏ గదిలో ఉన్నా పరుగెత్తుకొస్తారు. ఈ రెండు తరాలనూ ఒకచోట కూర్చోబెట్టేది ఏముందా అని వెతికితే, లండన్‌లోనే, మైడా వేల్‌లో పుట్టిన బీబీసీ రేడియోఫోనిక్ వర్క్‌షాప్ కథ దొరికింది. రేడియో నాటకాలకు కావలసిన కొత్త ధ్వనులు తయారుచేయడం కోసం 1958 ఏప్రిల్ 1న మొదలై, టీవీ వల్ల పేరు తెచ్చుకుని, 1998లో మూతబడిన చోటు అది.

డఫ్నీ ఓరమ్

మొదటి సమావేశం, ఆ వర్క్‌షాప్ తెరిచినవాళ్లలో ఒకరైన ఆమె గురించే. రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో సీటు వస్తే వద్దనుకుని, 1943లో, ఇంకా ఇరవై కూడా నిండకుండానే బీబీసీలో చేరింది. అది యుద్ధకాలం. రాయల్ ఆల్బర్ట్ హాలులో కచేరీ ప్రసారమవుతుంటే, అదే సంగీతం ఉన్న గ్రామఫోన్ రికార్డును పక్కన సరిగ్గా అదే వేగంలో నడుపుతూ ఉండటం ఆమె పనుల్లో ఒకటి. బాంబు పడి కచేరీ ఆగితే వెంటనే రికార్డుకు మార్చాలి, వినేవాళ్లకు తేడా తెలియకూడదు. ఆ వయసులో అంత టెన్షన్ పని చేసిన మనిషికి యంత్రాలంటే బెదురు ఎలా ఉంటుంది?

1949లోనే ఆమె 'స్టిల్ పాయింట్' అని ఒక కృతి రాసింది. రెండు ఆర్కెస్ట్రాలు, వాటితో పాటు రికార్డులు తిప్పే టర్న్‌టేబుళ్లు. బీబీసీ దాన్ని తీసుకోలేదు. ఆమె చనిపోయింది 2003లో. ఆ కృతి ఏటా వేసవిలో జరిగే కచేరీల ఉత్సవం బీబీసీ ప్రామ్స్‌లో వినిపించింది 2018లో. ఈ మాట చెప్పినప్పుడు హాలులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

1950లలో ఆమె రాత్రిళ్లు, అందరూ ఇళ్లకు వెళ్లాక, బ్రాడ్‌కాస్టింగ్ హౌస్‌లోని వేర్వేరు స్టూడియోల నుంచి టేపు రికార్డర్లను ఒకచోటికి తోసుకొచ్చి, తెల్లారేలోగా మళ్లీ ఎక్కడివక్కడ పెట్టేసేది. ఇలాంటి పనికి ఒక గది కావాలని పైవాళ్ల వెంట పడింది. 1957లో రేడియోలో వచ్చిన శామ్యూల్ బెకెట్ నాటకం 'ఆల్ దట్ ఫాల్' ఆమె వాదనకు బలమిచ్చింది. అందులో ధ్వనులు చేసిన డెస్మండ్ బ్రిస్కో, ఓరమ్ కలిసి మరుసటి ఏడాది వర్క్‌షాప్ తెరిచారు. చేతికిచ్చిన డబ్బు 2,000 పౌండ్లు. మిగతాదంతా వేరే విభాగాలు వద్దనుకున్న పాత సామాను. గాయకులకో, వాద్యగాళ్లకో కట్టిన గది కూడా కాదది. మైడా వేల్ స్టూడియోలున్న భవనమే అసలు రోలర్ స్కేటింగ్ కోసం కట్టింది.

ఏడాది తిరగకుండానే ఓరమ్ అక్కడి నుంచి వెళ్లిపోయింది. బ్రసెల్స్‌లో 1958 ప్రపంచ ప్రదర్శనకు వెళ్లి, యూరప్‌లో ఈ సంగీతాన్ని సంగీతంగానే ఎంత గౌరవిస్తున్నారో చూసి వచ్చింది. బీబీసీకి మాత్రం కావలసింది నాటకాలకు ధ్వనులు. కెంట్‌లో ఒక పాత కట్టడంలో సొంత స్టూడియో పెట్టుకుని, గీసిన గీతల్ని శబ్దంగా మార్చే ఓరమిక్స్ యంత్రం తయారుచేసింది. 35 మిల్లీమీటర్ల సినిమా ఫిల్ము పట్టీలు పది పక్కపక్కన కదులుతాయి. వాటి మీద సిరాతో గీసిన ఆకారాలను, కాంతిని విద్యుత్తుగా మార్చే కాంతి ఘటాలు చదివి స్థాయిని, గట్టితనాన్ని నిర్ణయిస్తాయి. మన సభ్యుల్లో ఇంజనీర్లకు ఆ రాత్రి ప్రశ్నలు తీరలేదు. హాలు తాళాలు అడగడానికి వాచ్‌మన్ వచ్చేదాకా కూర్చున్నాం.

టేపు కోసిన ఆదివారం

ఈ ఏడాది కార్యక్రమాల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. ఒక సభ్యురాలు అటక మీదున్న తన మామగారి స్పూల్ టేపు రికార్డరు తెచ్చారు. బ్లేడు పెద్దవాళ్ల చేతిలో, అతుకు టేపు పిల్లల చేతిలో.

ముందు ఇత్తడి చెంబు మీద గరిటెతో కొట్టి రికార్డు చేశాం. టేపులో దెబ్బ పడిన క్షణాన్ని కోసేసి, మిగిలిన మోతను మాత్రమే వినిపించాం. అది చెంబు అని ఒక్క పిల్లాడు కూడా పోల్చుకోలేకపోయాడు. ఏదో పిల్లనగ్రోవి అన్నారు. ఏ వాద్యాన్నయినా మన చెవి గుర్తుపట్టేది చాలావరకు ఆ మొదటి దెబ్బతోనే. అది తీసేస్తే శబ్దం తన ఊరూ పేరూ మర్చిపోతుంది. తర్వాత టేపును రెట్టింపు వేగంతో తిప్పాం. స్వరం పై స్థాయికి వెళ్లింది, నిడివి సగమైంది. తాళం సంగతి పిల్లలకు స్కేలుతోనే అర్థమైంది. సెకనుకు 15 అంగుళాలు నడిచే టేపు మీద అర సెకను స్వరం కావాలంటే ఏడున్నర అంగుళాలు కొలిచి కోయాలి. నాలుగు స్వరాలు అతికించేసరికే మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది.

అప్పుడు వినిపించాం, 1963 నాటి 'డాక్టర్ హూ' ట్యూను.

స్వరకర్త రాన్ గ్రేనర్ ట్యూను రాసి ఇచ్చాడు. కాగితం మీద అక్కడక్కడా గాలి, బుడగ, మబ్బులు అని మాటలు. వాటిని శబ్దం చేసింది డీలియా డెర్బీషైర్, పక్కన సహాయంగా డిక్ మిల్స్. అప్పటికి మార్కెట్లో సింథసైజర్లు, అంటే విద్యుత్తుతో శబ్దాలు పుట్టించే వాద్యాలు, లేవు. ఆ గుమ్ గుమ్ మనే కింది స్వరం ఒక తీగను మీటి తీసిందే. ఆ ఒక్క మీటు శబ్దాన్ని వేగం మార్చి మార్చి కావలసిన స్వరాలన్నీ తయారుచేసి, ఒక్కొక్కటీ కోసి అతికించారు. పైన పాడినట్టు వినిపించేది పరికరాలను పరీక్షించడానికి విద్యుత్తుతో నికరమైన ధ్వని పుట్టించే ఆసిలేటర్లది. బుసలు, మబ్బులు వడగట్టిన వైట్ నాయిస్, అంటే అన్ని స్థాయిలూ కలిసిన హోరు. అనేక ట్రాకుల రికార్డరు కూడా లేదు. వేర్వేరు టేపులను వేర్వేరు యంత్రాల మీద పెట్టి ఒక్కసారి మీట నొక్కి కలిపారు. ఒకసారి ఎక్కడో ఒక స్వరం తప్పుగా వినిపిస్తే, అది ఏ టేపులో ఉందో తేలక, మైడా వేల్ నడవాలో టేపులన్నీ పొడవునా పక్కపక్కన పరిచి అతుకులు పోల్చుకుంటూ నడిచారని డిక్ మిల్స్ తర్వాత చాలాసార్లు చెప్పాడు.

పొద్దున్నుంచి నాలుగు స్వరాలతో కుస్తీ పట్టిన పిల్లలు ఆ ట్యూనును అంతకుముందు విన్నట్టు వినలేదు. ఒక అమ్మాయి మళ్లీ పెట్టమంది. మళ్లీ పెట్టాం.

కొవెంట్రీ ప్రయాణం

డీలియా పుట్టింది 1937లో కొవెంట్రీలో. 1940 నవంబరులో ఆ ఊరి మీద బాంబులు కురిసినప్పుడు ఆమెకు మూడేళ్లు. వైమానిక దాడి సైరన్, ప్రమాదం తప్పిందని చెప్పే సైరన్, ఈ రెండూ తనకు తొలి ఎలక్ట్రానిక్ సంగీతమని పెద్దయ్యాక చెప్పుకునేది. కేంబ్రిడ్జిలో గణితం, సంగీతం చదివి 1959లో ఒక పెద్ద రికార్డు కంపెనీకి వెళితే, స్టూడియోల్లో ఆడవాళ్లను తీసుకునేది లేదన్నారు. 1960లో బీబీసీలో చేరి, 1962లో వర్క్‌షాప్‌కు వచ్చింది.

మినీ బస్సులో వెళ్లి, చిన్నప్పుడు ఆమె ఉన్న ఇంటి గోడ మీద 2017లో పెట్టిన నీలం ఫలకాన్ని రోడ్డు మీద నుంచే చూశాం. అదొకరి ఇల్లు కాబట్టి గేటు దగ్గర గుమిగూడలేదు. పాత కెథీడ్రల్ మొండి గోడల మధ్య నిలబడి, ఫోనుకు చిన్న స్పీకరు తగిలించి 'బ్లూ వెయిల్స్ అండ్ గోల్డెన్ శాండ్స్' విన్నాం. సహారాలోని తువారెగ్ ప్రజల మీద తీసిన టీవీ డాక్యుమెంటరీకి 1967లో చేసిన సంగీతం అది. ఆమెకు ఎంతో ఇష్టమైన ఒక పాత ఆకుపచ్చ లాంప్‌షేడ్ ఉండేది. దాన్ని కొట్టి, దెబ్బ తీసేసి మోతనే ఉంచి, ఆ మోతలో ఏయే పౌనఃపున్యాలు ఉన్నాయో లెక్కగట్టి, వర్క్‌షాప్‌లోని ఆసిలేటర్లతో వాటిని మళ్లీ పుట్టించింది. ఎండలో ఒంటెల బారు కదులుతున్నట్టే ఉంటుంది. మన చెంబు ప్రయోగం చేసిన పిల్లలు కిటుకు చెప్పకముందే పట్టేశారు.

వర్క్‌షాప్‌లోని మిగతావాళ్లకు ఒక్క సాయంత్రమే ఇవ్వగలిగాం, అది చాలలేదు. డాక్టర్ హూ కాలయంత్రం టార్డిస్ శబ్దాన్ని బ్రయాన్ హాడ్జ్‌సన్ తన తల్లి ఇంటి తాళంచెవితో పాత పియానో తీగలు గీకి చేశాడు. మద్దలేనా ఫగందీనీ కట్టిన లయ ఒకటి 1962లో రికార్డు నిర్మాత జార్జ్ మార్టిన్ చేతిలో రే కాథోడ్ అనే మారుపేరుతో రికార్డుగా వచ్చింది. జాన్ బేకర్ జాజ్ పియానో వాయించేవాడు, ఆ ఊపు అతని టేపు ముక్కల్లోనూ వినిపిస్తుంది. బడిపిల్లల కార్యక్రమాలకు డేవిడ్ కేన్ చేసిన సంగీతాన్ని వినిపించే టైము దొరకలేదు.

పేర్ల గురించి చర్చ, తీర్మానం

ఏడాదంతా ఒక విషయం మళ్లీ మళ్లీ పైకి వచ్చింది. చాలాకాలం కార్యక్రమాల చివర వర్క్‌షాప్ పేరే వేసేవాళ్లు, పని చేసిన మనిషి పేరు కాదు. 'డాక్టర్ హూ' ట్యూనుకు డీలియాకు సహ స్వరకర్తగా పేరు, రాబడిలో భాగం ఇప్పించాలని గ్రేనర్ స్వయంగా అడిగినా బీబీసీ పద్ధతి ఒప్పుకోలేదు. 2013లో ఆ సీరియల్ యాభయ్యో వార్షికోత్సవ ప్రత్యేక భాగంలో ఆమె పేరు తెర మీదకు వచ్చింది. అప్పటికి ఆమె పోయి పన్నెండేళ్లు.

జీతం తీసుకునే ఉద్యోగికి సంస్థ పేరు చాలదా అని ఇద్దరు ముగ్గురు సభ్యులు వాదించారు. వాళ్ల మాటలోనూ న్యాయం ఉంది, ఆ గదిలో చాలా పనులు నిజంగానే పదిమంది చేతుల మీదుగా సాగాయి. కానీ నేను ఒప్పుకోలేను. నాటకం రాసినవాళ్లూ, నటించినవాళ్లూ జీతమో పారితోషికమో తీసుకునే చేస్తారు, వాళ్ల పేర్లు చదువుతాం కదా. శబ్దం చేసిన చేతికి మాత్రం ఎందుకు పేరు ఉండకూడదు?

అదే సమావేశంలో ఒక పెద్దాయన లేచి, విజయవాడ కేంద్రం నాటకాల్లో నటుల పేర్లు ఇప్పటికీ వరసగా చెప్పగలననీ, వాన కురిపించినవాళ్లు, రైలు నడిపించినవాళ్లు ఎవరో ఏనాడూ తెలుసుకోలేదనీ అన్నారు. దాని మీద ఏకగ్రీవంగా తీర్మానం చేశాం: తెలుగు రేడియోలో ధ్వనులు, రికార్డింగు పని చేసిన వాళ్ల గురించి మన సభ్యులకూ, ఊళ్లోని వాళ్ల బంధువులకూ తెలిసినదంతా రికార్డు చేసి భద్రపరచాలి. ఆ పనికి ఒక చిన్న ఉపసంఘం వేశాం. మాట్లాడేవాళ్ల అనుమతి లేకుండా ఏదీ బయటపెట్టరు.

రాబోయే ఏడాది

ముందు పారిస్. 1948 అక్టోబరులో రేడియో ఇంజనీరు పియెర్ షేఫర్ రైళ్ల శబ్దాలతో కట్టిన సంగీతాన్ని ఫ్రెంచి రేడియోలో ప్రసారం చేశాడు, అక్కడ మొదలుపెడతాం. తర్వాత కొలోన్, మిలాన్, టోక్యో రేడియో స్టూడియోలు. చివరగా అహ్మదాబాద్. 1969లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో స్టూడియో నెలకొల్పితే, సంగీతకారిణి గీతా సారాభాయ్ లాంటివాళ్లు అందులో పనిచేశారు. రేడియోకో టీవీకో చేసింది కాకపోయినా మన దేశపు అధ్యాయం వదలకూడదని కార్యవర్గం అభిప్రాయం.

స్పూల్ రికార్డరు బెల్టు అరిగిపోయింది. బాగుచేయడం తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ముందుకు రండి. ఖాళీ స్పూళ్లు, పాత ఆకాశవాణి నాటకాలున్న టేపులు, క్యాసెట్లు మీ ఇళ్లలో ఉంటే ఉగాదిలోగా శ్రవణ విభాగానికి తెలియజేయండి. కాపీ తీసుకుని అసలు టేపు మీకే తిరిగి ఇస్తాం.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి