పది రంధ్రాల హార్మోనికాని తీసిపారేయకండి

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆదివారం మీ మ్యూజిక్ పేజీలో హార్మోనికా మీద వచ్చిన వ్యాసం చదివానండి. బ్లూస్ గురించి బాగా రాశారు కానీ, జాజ్ టైపు కార్డ్స్ (కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి మోగడం) వస్తే పది రంధ్రాల హార్ప్, అంటే ఆ చిన్న హార్మోనికా పనికిరాదు, బటన్ నొక్కితే అన్ని స్వరాలూ దొరికే క్రొమాటిక్ హార్మోనికా కొనుక్కోవాల్సిందే అన్నారు చూడండి, అది మాత్రం ఒప్పుకోలేను. నేర్చుకునేవాళ్ళు అది చదివి అక్కడే ఆగిపోతారు.

మామూలు 12 బార్ (బార్ అంటే తాళంలో ఒక ఆవర్తం లాంటి కొలత) బ్లూస్‌లో మూడే కార్డ్స్ కాబట్టి సి హార్ప్ (సి స్వరం ఆధారంగా ఉన్నది; ఎ నుంచి జి దాకా పాశ్చాత్య స్వరాల పేర్లు) మీద జి లో ఒక్క బ్లూస్ స్కేల్, అంటే స్వరాల వరుస పట్టుకుంటే మొత్తం గడిచిపోతుంది. జాజ్ బ్లూస్‌లో అవే 12 బార్లలోకి ఇంకొన్ని కార్డ్స్ వచ్చి చేరతాయి, 8వ బార్‌లో ఇ7, తొమ్మిదిలో ఎ మైనర్ 7, పదిలో డి7 ఇలా. అసలు చిక్కంతా ఆ ఎనిమిదో బార్ దగ్గరే. ఇ7లో ఉండేది జి షార్ప్ (జి కంటే ఒక చిన్న మెట్టు పైది), మన బ్లూస్ స్కేల్‌లో ఉన్నదేమో ఉత్త జి. దాన్ని అలా తాకి వెళ్ళిపోతే పర్లేదు, బ్లూస్ లాగే ఉంటుంది, కానీ దాని మీదే సాగదీస్తే వెనక గిటార్ ఒక మాట మనం ఇంకో మాట అన్నట్టు అయిపోతుంది.

మరి ఆ జి షార్ప్ మన హార్ప్‌లో లేదా అంటే నిక్షేపంలా ఉందండి. 3వ రంధ్రంలో పీలుస్తూ బి నుంచి మూడు సెమీటోన్లు (సెమీటోన్ అంటే స్వరాల మధ్య ఆ చిన్న మెట్టు) కిందికి బెండ్ చేస్తే, అంటే శ్వాసతో స్వరాన్ని వంచితే వస్తుంది, అంత లోతు బెండ్‌ని శ్రుతిలో నిలబెట్టడం కష్టం, చాలా సాధన కావాలి. అదే 6వ రంధ్రంలో అయితే పీల్చి ఒక్క సెమీటోన్ దించితే చాలు, పై స్థాయి జి షార్ప్ దొరుకుతుంది, తొమ్మిదో బార్ రాగానే ఆ బెండ్ వదిలేయండి, ఎ మైనర్‌కి కావాల్సిన ఎ దానంతటదే వచ్చి కూర్చుంటుంది! వినడానికి ఎంత బాగుంటుందో. డి7కి కావాల్సిన ఎఫ్ షార్ప్ 2వ రంధ్రంలో, పీల్చి ఒక సెమీటోన్ బెండ్. అంటే కార్డ్ మారినప్పుడల్లా స్కేల్ మార్చుకుంటూ పోనక్కర్లేదు, ఆ కార్డ్‌లో మూడో స్వరం (ఇ7కి జి షార్ప్, డి7కి ఎఫ్ షార్ప్ లాగా) ఏ రంధ్రంలో ఉందో తెలిస్తే సగం పని అయిపోయినట్టే.

బెండ్‌కి కూడా అందని స్వరాలకి ఓవర్‌బ్లో (ప్రత్యేకంగా ఊది స్వరాన్ని పైకి ఎగరేయడం) ఉంది, అమెరికన్ హార్మోనికా వాద్యకారుడు హోవార్డ్ లెవీ ఆ పద్ధతితోనే ఈ చిన్న హార్ప్ మీద పూర్తి జాజ్ వాయించి చూపించారు. క్రొమాటిక్‌ని తక్కువ చెయ్యట్లేదు, బెల్జియంకి చెందిన క్రొమాటిక్ వాద్యకారుడు టూట్స్ థీల్‌మాన్స్ వాయించింది విన్నవాళ్ళెవరూ చెయ్యలేరు కూడా, కానీ స్వరాన్ని వంచినప్పుడు ఈ పది రంధ్రాల హార్ప్‌లో వచ్చే ఆ ఏడుపు గొంతు బటన్ నొక్కితే రాదు.

వీలైతే ఆ రచయిత గారితో వచ్చే వారం ఈ 8వ బార్ గురించి ఒక్క పేరా అయినా రాయించండి.

ఇట్లు,
మీ పాఠకుడు