తలనొప్పి దాచొద్దని అమ్మకి చెప్పు

ఒరేయ్ సుబ్బూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. తిట్టుకో, పడతాను. ఇక్కడంతా మామూలే. మోకాలు తగ్గింది, పిల్లల పరీక్షలయ్యాయి. మిగతా కబుర్లు తర్వాత. "అమ్మని కైలాసం తీసుకెళ్తున్నా, హెలికాప్టర్ దారే" అని చివర్న ఒక్క ముక్క గిలికావు చూడు, అది చదివాక ఇంకేం రాయబుద్ధి కావట్లేదు.

ఆ దారి లెక్క ఓసారి చూడు. నేపాల్ మైదానంలో ఉన్న నేపాల్‌గంజ్ సముద్రమట్టానికి 150 మీటర్ల ఎత్తు. చిన్న విమానంలో కొండల్లోని సిమికోట్ చేరితే 2,900. హెలికాప్టరెక్కి సరిహద్దు ఊరు హిల్సాలో దిగితే 3,600 పైమాట. అక్కడ వంతెన దాటితే టిబెట్, తక్లాకోట్, దగ్గర దగ్గర 4,000. మానససరోవరం 4,590. అడుగు వేసిన పాపాన పోకుండా అంత ఎత్తు చేరతారు. కాళ్లు నొప్పెట్టవు కనక ఒళ్లు బాగానే ఉందనిపిస్తుంది, అక్కడే మోసం. 3,000 దాటాక పడుకునే చోటి ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెరగకూడదు. మూడు నాలుగు రోజులకోసారి ఒకే చోట ఆగాలి. తక్లాకోట్‌లో రెండు రాత్రులకి తక్కువైతే ఒప్పుకోకు, టూరువాళ్లతో పోట్లాడు. పోట్లాటలో నీ ఘనత నాకు కొత్తా?

ఇక అసలు సంగతి. ఆ పల్చటి గాలికి ఒళ్లు అలవాటు పడలేదని ముందు చెప్పేది తలనొప్పే. అమ్మ తలనొప్పి దాస్తుంది. రాసి ఇస్తాను, దాస్తుంది. "శివయ్య పరీక్ష పెడుతున్నాడు" అంటుంది, లేకపోతే నిన్ను కంగారు పెట్టడం ఎందుకని ఊరుకుంటుంది. అందుకే "బాగున్నావా అమ్మా" అని అడక్కు. "తల ఎక్కడ నొప్పిగా ఉంది, అన్నం ఎంత తిన్నావు, వికారంగా ఉందా" అని విడివిడిగా అడుగు. తలనొప్పికి వికారమో, ఆకలి చావడమో, కళ్లు తిరగడమో తోడైతే ఆ రోజు ఇంకో మీటరు కూడా ఎక్కొద్దు. పొద్దున్నే గదిలో నేల మీద గీత ఉందనుకుని, మడమ బొటనవేలికి ఆనిస్తూ పదడుగులు నడవమను. తూలిందా, మెదడు వాస్తోందన్నమాట. కూర్చున్నచోటే ఆయాసం, దగ్గితే నురగతో గులాబి రంగు కఫం వస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరినట్టు. ఈ రెంటిలో ఏది కనిపించినా అర్ధరాత్రైనా సరే కిందికి దింపు. తెల్లారాక చూద్దాం అనకు.

రాత్రిళ్లు ఇంకోటి ఉంటుంది, దానికి మాత్రం హడలిపోకు. నిద్రలో ఊపిరి కాసేపు ఆగిపోతుంది, పది సెకన్లు కూడా ఆగొచ్చు, తర్వాత గుటకేసినట్టు గట్టిగా లాగుతారు. ఆ ఎత్తులో అది చాలామందికి మామూలే. నిద్ర మాత్ర మాత్రం వద్దు.

ఎత్తుకి ఒళ్లు అలవాటు పడడానికి వేసే డయామాక్స్ మాత్ర గురించి అడిగావు. మామూలుగా ఎక్కడానికి ముందురోజు నుంచి 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. సల్ఫా మందులు అమ్మకి పడవేమో, బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసేది ఉందేమో డాక్టర్ని ముందే అడుగు. ఇంట్లోనే రెండు రోజులు వేసి చూడండి. వేళ్లు తిమ్మిరెక్కినా, బాత్రూంకి పరుగులు పెట్టినా భయపడక్కర్లేదు. వేలికి పెట్టి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సీమీటర్ కొంటానన్నావు, సరే. చలికి వేళ్లు గడ్డకడితే అది తప్పు చెబుతుంది. చేతులు రుద్ది వెచ్చబడ్డాక పెట్టు. గోరింటాకు కూడా లెక్క తప్పించొచ్చు, ఆ నెల మానేయమను. (నువ్వు కూడా. నవ్వకు!)

కైలాసం చుట్టూ పరిక్రమ 52 కిలోమీటర్లు, మూడు రోజులు. కొండ కింది ఊరు దార్చెన్ నుంచి మొదటి రోజు డేరాపుక్ మజిలీ, రెండో రోజు డోల్మా లా కనుమ. అది 5,600 మీటర్ల పైనే. గాలిలో ఆక్సిజన్ పాలు మారదు, ఒత్తిడి సగమైపోతుంది. అంటే ఒక్కో శ్వాసకి సగమే దక్కుతుంది. నాకు బెంగ ఎక్కడంటే, "కిందికి దింపు" అని తేలిగ్గా రాశానా, అక్కడ కింద అంటూ ఏముంది? దార్చెనే దగ్గర దగ్గర 4,600. నిజమైన కింద తక్లాకోటే. కనుమ దాటాక వెనక్కి రావాలంటే మళ్లీ ఎక్కాలి. అందుకే నిర్ణయం డేరాపుక్‌లోనే, చీకట్లో బయల్దేరకముందే తేల్చుకో. అక్కడి నుంచే కైలాసం ఉత్తర ముఖం నిండుగా కనిపిస్తుంది. అమ్మ అక్కడ కూర్చుని దండం పెట్టుకుని వెనక్కొచ్చినా యాత్రకి లోటేం లేదు, నా లెక్కలో. టిబెట్ పాత మతమైన బోన్ వాళ్లు అపసవ్యంగా తిరుగుతారు, జైనులు దాన్నే అష్టాపదం అంటారు, ఆ కొండకి లేని పట్టింపు మనకెందుకు?

ఉపవాసాలు ఆ వారం కట్టిపెట్టమను. సరోవరం దగ్గర నీళ్లు 85 డిగ్రీలకే మరుగుతాయి. కుక్కర్ లేకపోతే బియ్యం పలుకుగానే ఉంటుంది, మన హాస్టల్ అన్నమే అనుకో. ఆక్సిజన్ డబ్బాలు నమ్ముకోకు, కొద్ది నిమిషాల ఊరట, అంతే. అదీ తలనొప్పిని కప్పెట్టి ముందుకి నడిపిస్తే మరీ ప్రమాదం.

ఇదిగో, పిలుస్తున్నారు, టపా వేళ అయిపోతోంది. మందుల పెట్టె జాబితా రేపు పంపుతా. అమ్మకి నా దండం. తలనొప్పి మాట మరిచిపోకు.

నీ
బుల్లెబ్బాయి