శీనూ, ఆ రోజు ఫోన్‌లో నీకు చెప్పలేనిది

హన్మకొండ

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావురా? చెల్లెమ్మ, పాప బాగున్నారా? పోయిన ఆదివారం నువ్వు అడిగిన మాట వారమంతా నన్ను వదల్లేదు. "పసిపిల్లల జోలికొచ్చినవాణ్ణి ఉరి తీయడానికి కూడా ఆలోచించాలా? మా ఫ్లోరిడాలో చట్టమే చేసేశారు. పిల్లలకు చదువు చెప్పేవాడివి, నువ్వే వద్దంటావేంరా?" అన్నావు. నేను నసిగాను. నువ్వు కోపంగా పెట్టేశావు. ఆ కోపంలో తప్పేమీ లేదు, నాకే ఆ క్షణంలో మాటలు కూడలేదు. అందుకే ఈ రాత్రి అందరూ పడుకున్నాక రాస్తున్నాను. పెద్ద ఉత్తరమే అవుతుంది, ఓపిగ్గా చదువు.

2019 జూన్‌లో మా ఊళ్ళో జరిగింది నీకు గుర్తుండే ఉంటుంది. ఉక్కపోతకి డాబా మీద తల్లి పక్కన పడుకున్న తొమ్మిది నెలల పాపను ఒకడు ఎత్తుకుపోయాడు. పాప బతకలేదు. ఆ వారం ఊరు ఊరంతా రోడ్డు మీదే ఉంది. నేనూ కొవ్వొత్తి పట్టుకుని నడిచాను, ఉరి తీయాలని గొంతు పోయేదాకా అరిచాను. అప్పటికి మా చిన్నది ఏడాది కూడా నిండని పిల్ల. ఇంటికొచ్చి దాన్ని ఒళ్ళో పెట్టుకుంటే చేతులు వణికాయి. రెండు నెలలు తిరక్కుండానే, ఆగస్టులో, కోర్టు వాడికి ఉరిశిక్ష వేసింది. స్టాఫ్ రూమ్‌లో స్వీట్లు పంచుకున్నాం. నవంబర్‌లో హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మారిస్తే, హైకోర్టుని నోటికొచ్చినట్టు తిట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. కాబట్టి నీ కోపం నాకు కొత్త కాదు. ఈ రోజుకీ ఆ పాప తల్లి నా ఎదురుగా నిలబడి వాణ్ణి ఉరి తీయాలంటే నేను నోరెత్తను. ఆమెకు చెప్పగలిగిన మాట నా దగ్గర లేదు.

నన్ను మార్చింది ఇంకో పిల్ల. ఊరి పేరు రాయను, స్కూలు పేరు కూడా వద్దు.

రెండేళ్ళ కింద, ఏడో తరగతి పిల్ల. బాగా చదివేది, నా లెక్కల క్లాసులో ముందు బెంచీ. దసరా సెలవుల తర్వాత వెనక బెంచీకి వెళ్ళిపోయింది. నేను గమనించాను కానీ ఎందుకని అడగలేదు. అది నన్ను ఇప్పటికీ తొలుస్తూనే ఉంది. తెలుగు చెప్పే మేడమ్ అడిగింది. మూడు రోజులు పక్కన కూర్చోబెట్టుకుంటే నాలుగో రోజు చెప్పింది. సొంత బాబాయి. తండ్రి లేడు, ఇల్లు గడిచేది ఆ బాబాయి ఆటో మీదే.

పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిసినవాళ్ళెవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, దాచిపెడితే అదే నేరం. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశాం. మహిళా ఎస్సై చీరకట్టులో ఇంటికే వచ్చింది, పిల్ల భయపడకూడదని యూనిఫాం వేసుకోకూడదట. అక్కడిదాకా అన్నీ సరిగ్గానే జరిగాయి. మర్నాడు పొద్దున నానమ్మ స్కూలుకొచ్చింది. మేడమ్ కాళ్ళ మీద పడిపోయింది. "ఇలాంటి కేసుల్లో ఉరేస్తారంట కదమ్మా, టీవీలో చెప్పిన్రు. నా కొడుకును చంపకుండ్రి" అని ఏడ్చింది. ఆ పిల్ల తలుపు దగ్గర నిలబడి అంతా విన్నది. ముసలావిడ వెళ్ళిపోయాక మెల్లగా అడిగింది, "బాబాయిని చంపేస్తారా మేడమ్? నేను చెప్పినందుకేనా?"

ఆ మాట విన్నప్పుడు నేను అక్కడే ఉన్నాను శీనూ. రోడ్డు మీద నేను అరిచిన అరుపు ఆ పిల్ల చెవుల దాకా వచ్చి ఇలా తగిలిందా అనిపించింది. మేజిస్ట్రేటు ముందు మొదటిసారి నోరు విప్పలేదు. తల వంచుకుని కూర్చుంది.

మన దగ్గర ఉరి లేదనుకుంటున్నావేమో. ఉంది. 2018లో జమ్మూ దగ్గర కథువాలో ఎనిమిదేళ్ళ పాపను చెరిచి చంపిన ఘటన తర్వాత పన్నెండేళ్ళలోపు పిల్లల మీద అత్యాచారానికి మరణశిక్ష వేయొచ్చని చట్టం మార్చారు. 2019లో పోక్సోలోనూ చేర్చారు. ఐపీసీ బదులు 2024 జూలై నుంచి నడుస్తున్న న్యాయసంహితలోనూ ఉంది. ఆంధ్రాలో దిశ బిల్లు తెచ్చి 21 రోజుల్లో తీర్పు అన్నారు, దానికి రాష్ట్రపతి ఆమోదమే రాలేదు. ఇదంతా పత్రికల్లో మొదటి పేజీ వార్త. కానీ పోలీసు లెక్కల్లో ఏటా కనిపించేది ఇంకొకటి. పోక్సో అత్యాచార కేసుల్లో నూటికి తొంభై మందికి పైగా నిందితులు పిల్లకు తెలిసినవాళ్ళే. బాబాయో, పక్కింటి అన్నో, ట్యూషన్ సారో. డాబా ఎక్కి వచ్చే ముక్కూ మొహం తెలియనివాణ్ణి మనసులో పెట్టుకుని మనం ఉరి అంటాం. ఆ చట్టం వెళ్ళి నిలబడేది మాత్రం ఒకే కంచంలో తిన్నవాళ్ళ మధ్య. నేరస్థుడు జైలుకెళ్తాడంటేనే పెద్దమనుషులు రాజీ కుదర్చడానికి వచ్చి కూర్చుంటారు. చచ్చిపోతాడంటే ఆ ఇంట్లో ఎవరు నోరు తెరవనిస్తారు?

ఈ సంగతి మీ దేశంలో ముందే అన్నారు. లూసియానాలో ఇలాంటి చట్టం ఉంటే, పిల్ల ప్రాణం పోని కేసుల్లో మరణశిక్ష కుదరదని మీ సుప్రీంకోర్టు 2008లో కొట్టేసింది, ఐదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు. పిల్లలు, ఇంట్లోవాళ్ళు బయటికి చెప్పడం తగ్గిపోతుందని ఆ తీర్పులోనే రాశారు. పిల్లను వదిలేసినా చంపినా శిక్ష ఒకటే అయితే, ఏకైక సాక్షిని వాడు ఎందుకు బతకనిస్తాడన్న భయం కూడా. 2023లో మీ ఫ్లోరిడా ఆ తీర్పుకు ఎదురుగానే చట్టం చేసింది. నీకు ఆ చట్టం ధైర్యంగా కనిపిస్తోంది. నాకైతే ఆ రెండో మాట దగ్గర ఒళ్ళు జలదరిస్తుంది. మన పిల్లలు కనీసం బతికి ఇంటికి రావాలి కదరా.

ఇంకొకటి ఉంది. నిఠారీ గుర్తుందా? 2006 చివర్లో నోయిడాలో ఒక ఇంటి వెనక కాలవలో పిల్లల ఎముకలు దొరికాయి. ఆ ఇంటి పనివాడికి ఒక కేసు తర్వాత ఒక కేసులో ఉరిశిక్ష పడింది. 2014 సెప్టెంబర్‌లో మీరట్ జైల్లో ఉరికి అంతా సిద్ధం చేశాక అర్ధరాత్రి దాటి సుప్రీంకోర్టు ఆపింది. తర్వాత 2023లో అలహాబాద్ హైకోర్టు పన్నెండు కేసులు కొట్టేసింది, దర్యాప్తే సరిగ్గా చేయలేదంది. మిగిలిన ఒక్క కేసులోనూ 2025 నవంబర్‌లో సుప్రీంకోర్టు నిర్దోషి అని వదిలేసింది. మరి ఆ పిల్లల్ని చంపిందెవరు? ఆ తల్లిదండ్రులకు ఈ రోజుకీ జవాబు లేదు. ఆ రాత్రి ఉరి తీసి ఉంటే మనమందరం న్యాయం జరిగిందని నిద్రపోయేవాళ్ళం. గురుగ్రామ్‌లో 2017లో స్కూల్లో ఏడేళ్ళ బాబును చంపినప్పుడూ అంతే. గంటల్లో బస్సు కండక్టర్‌ను పట్టుకుని ఒప్పుకున్నాడన్నారు. రెండు నెలలకు సీబీఐ వచ్చి అదే స్కూల్లో పదకొండు చదివే కుర్రాణ్ణి పట్టుకుంది. కండక్టర్‌ను కోర్టు విడిచిపెట్టింది. టీవీ ముందు కూర్చుని నేను కూడా ఆ కండక్టర్ చావాలనుకున్నాను, అబద్ధం చెప్పను.

హాజీపూర్ బావి గురించి నువ్వు అన్నావు కదా, ఒకడు ముగ్గురు ఆడపిల్లల్ని చంపి పడేసిన చోటు. 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు ఉరి వేసింది, నిజమే. కానీ ఆ పక్క ఊరి పదకొండేళ్ళ పిల్ల కనిపించకుండా పోయింది 2015లో. 2019 ఏప్రిల్‌లో ఇంకో పిల్ల స్కూలు నుంచి తిరిగి రాకపోతే వెతికితేనే ఆ బావి సంగతి బయటపడింది. ఈ మధ్యలో మార్చిలో మరో అమ్మాయి. మొదటి పిల్ల కోసం ఆ నాలుగేళ్ళూ గట్టిగా వెతికి ఉంటే మిగతా ఇద్దరూ బతికేవాళ్ళు. నా కోపమంతా ఇప్పుడు అక్కడికి వెళ్తోంది. వాడి మెడకు తాడు పడిందా లేదా అన్నది దాని తర్వాతే.

అలాంటివాడు బయటికి రాకూడదు. చచ్చేదాకా లోపలే ఉండాలి, అందులో నాకు రెండో మాట లేదు. మన దేశంలో 2020 మార్చిలో ఢిల్లీ నిర్భయ కేసులో నలుగుర్ని ఉరి తీశాక మళ్ళీ ఎవర్నీ తీయలేదు. ఉరిశిక్ష పడ్డవాళ్ళు ఏళ్ళ తరబడి అప్పీళ్ళలో ఉంటే, ఆ ఇంటివాళ్ళు ప్రతి తీర్పుకీ టీవీ ముందు కూర్చుని మళ్ళీ మొదటి రోజుకు వెళ్తున్నారు.

మా స్కూలు పిల్ల సంగతి చెప్పి ఆపుతాను. మేడమ్ ఆరు నెలలు ఆమెతోనే ఉంది. "నువ్వు చెప్పింది ఆపడానికి, చంపడానికి కాదు. నీది తప్పు లేదు" అని రోజూ చెప్పింది. రెండోసారి పిల్ల చెప్పింది, మొత్తం. కేసు కోర్టుకొచ్చిన ముప్పై రోజుల్లో పిల్ల సాక్ష్యం తీసుకోవాలని, ఏడాదిలో విచారణ ముగించాలని చట్టంలో రాసి ఉంది. ఆమె ఇప్పుడు తొమ్మిదికొచ్చింది. సాక్ష్యం కోసం రెండుసార్లు యూనిఫాం ఇస్త్రీ చేసుకుని వెళ్ళింది, రెండుసార్లూ వాయిదా. మొదటిసారైతే వరండాలో ఆ బాబాయి ఎదురుపడ్డాడు. పిల్లకు నిందితుడు కనబడకూడదని కూడా చట్టంలో ఉంది శీనూ! ఒక తెర కట్టడం, ఇంకో తలుపు నుంచి తీసుకెళ్ళడం అంత కష్టమా? హైదరాబాద్‌లో బాధితుల కోసం పోలీసులు నడిపే భరోసా సెంటర్ దగ్గర పిల్లల కోసమే కోర్టు పెట్టారు, అలాంటిది ప్రతి జిల్లాలో ఎందుకుండదు? వీటి కోసం మేం ఒక్క కొవ్వొత్తి కూడా వెలిగించలేదు.

వచ్చే నెల పన్నెండున మళ్ళీ వాయిదా ఉంది. ఇన్నాళ్ళూ మేడమ్ ఒక్కతే వెళ్ళేది, ఈసారి సెలవు పెట్టి నేనూ వెళ్తున్నాను. తిరిగి రాగానే ఫోన్ చేస్తాను. మీకు తెల్లవారుజాము అవుతుందేమో, అయినా ఎత్తు.

నీ
వేణు