పాత డీజిల్ కారుకు పెద్ద ట్రక్కు బదులా?

సంపాదకుల వారికి,

పాత డీజిల్ కారు వదిలించుకుని పెద్ద పికప్ ట్రక్కు కొనుక్కోమని నాకు చాలామంది చెబుతున్నారు. నేను ఒప్పుకోను.

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గులుండవు. గట్టిగా నొక్కిన గాలి వేడికే ఇంధనం అంటుకుంటుంది. చలి పొద్దున ఆ వేడి చాలదు, అందుకే తాళం తిప్పాక ఇంజిన్‌లోని గ్లో ప్లగ్గులు (లోపల వేడి చేసే చిన్న హీటర్లు) వేడెక్కి, డాష్‌బోర్డు మీద చుట్టలాంటి పసుపు దీపం ఆరేదాకా ఆగాలి. ఆ కొన్ని సెకన్లు ఆగకుండా ‘బండి పాడైంది’ అనడం అన్యాయం. డీజిల్ ఫిల్టర్ అడుగున చేరిన నీళ్లు వదలాలి, ఆయిల్ వేళకు మార్చాలి. ఇంజిన్ వాల్వులను సరైన వేళకు తెరిచి మూయించే పట్టీ, అంటే టైమింగ్ బెల్టు, మార్చే విషయంలో మాత్రం బద్ధకం పనికిరాదు. ఒకసారి నేను వాయిదా వేస్తే అది తెగి వాల్వులు వంగిపోయాయి. తప్పు నాదే, బండిది కాదు.

ట్రక్కు ఖాళీగా తిరిగినా తన బరువు మోయడానికే ఎక్కువ ఇంధనం తాగుతుంది. టైర్లు, బ్రేకుల ఖర్చూ ఎక్కువే. అన్నిటికన్నా నాకు భయం వేసేది దాని ఎత్తైన బానెట్. ముందు నిలబడ్డ చిన్నపిల్ల డ్రైవరుకు కనిపించదు.

డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. అది కాదనను. నల్లపొగ కక్కే బండిని రోడ్డెక్కనివ్వొద్దు. కానీ కారు వయసు చూసి కాదు, పొగ పరీక్ష చేసి నిర్ణయించండి.

— ఒక పాఠకుడు