హాఫ్ క్లచ్ వచ్చాకే స్లాట్

పార్వతీపురం
మంగళవారం రాత్రి

బుజ్జీ,

నెల నిండింది, డ్రైవింగ్ టెస్టుకి స్లాట్ బుక్ చేసేయమంటావా అని నిన్న మెసేజ్ పెట్టావు. ఫోన్లో చెబుదామంటే మధ్యలో మీ నాన్న దూరతారు, ఆయన వెనకే నాన్నమ్మ. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఇప్పుడే వద్దు.

ఎల్ఎల్ఆర్, అదే లెర్నర్ లైసెన్సు, వచ్చిన 30 రోజులకి టెస్టుకి వెళ్ళొచ్చు అన్నారు గానీ, 31వ రోజునే వెళ్ళి తీరాలని ఎవరూ అనలేదు. అది 6 నెలలు చెల్లుతుంది. నీ ఫ్రెండ్ పాసైపోయిందని నువ్వు పరుగెత్తక్కర్లేదు. తప్పితే కొంపలేం మునిగిపోవులే, మళ్ళీ వెళ్ళొచ్చు. కాకపోతే వరసగా మూడుసార్లు తప్పితే 60 రోజులు ఆగాలి. ఈలోగా ఎల్ఎల్ఆర్ గడువు దాటిందంటే కథ మళ్ళీ మొదటికొస్తుంది.

ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పడం వచ్చేసిందన్నావు, సంతోషం. కానీ రివర్స్‌కి డ్రైవింగ్ స్కూల్లో చెప్పిన ఆ లెక్క నాకు నచ్చలేదు. కడ్డీ పక్క అద్దంలో కనపడగానే స్టీరింగ్ చుట్టున్నర తిప్పాలట! వాళ్ళ బండికి, వాళ్ళు పాతుకున్న కడ్డీలకి అది సరిపోతుంది. మన బండి పొడవు వేరు, ట్రాక్ మీద జాగా వేరు. మేడ కింద ఖాళీ వాటర్ టిన్నులున్నాయి కదా, పక్క ఖాళీ స్థలంలో నాలుగు నిలబెట్టి వాటి మధ్యకి రివర్స్ చెయ్యి. వెనక టైరు ఎటు తిరుగుతోందో అద్దాల్లో చూసుకుంటూ, నత్తలా. టిన్ను పడితే పడనీ, దిగి చూడు ఏ మూల తగిలిందో. బండి ఒళ్ళు ఎక్కడిదాకా ఉందో తెలిశాక చుట్లు లెక్కపెట్టే పనే ఉండదు.

నాకు బెంగంతా ఎత్తు దగ్గరే. ఎత్తులో ఆపిన బండిని వెనక్కి జారకుండా మళ్ళీ కదపగలగాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే రాసి ఉంది. కాకినాడలో నేర్చుకున్న మీ పిన్నికి ఎత్తంటే ఏమిటో ట్రాక్ మీదే తెలిసింది. మన వైజాగ్‌లో అలా కుదరదు. పాండురంగాపురం డౌన్ అనే ఏటవాలు రోడ్డులో బీచ్ వైపు నుంచి పైకొస్తుంటావు, ముందు బస్సు ఆగుతుంది, వెనక ఆటోవాడు జానెడు దూరంలో వచ్చి ఆనుకుంటాడు. అక్కడ ఒక్క అడుగు వెనక్కి జారినా వాడి హెడ్‌లైటు పోతుంది.

అప్పుడు కంగారుపడి ఎక్సలేటర్ తొక్కకు. ముందు హ్యాండ్ బ్రేక్ పైకి లాగి, ఫస్ట్ గేరు వెయ్యి. క్లచ్ మీంచి కాలు మెల్లగా లేపుతూ రా. ఒకచోట ఇంజిన్ శబ్దం బరువెక్కుతుంది, బానెట్ ఓ చిన్న వేలెడు పైకి లేచినట్టుంటుంది, స్టీరింగ్ పట్టుకున్న అరచేతుల్లో సన్నటి వణుకు తెలుస్తుంది. హాఫ్ క్లచ్ అంటే అదే, కాలు అక్కడే ఆపెయ్యి. కొంచెం ఎక్సలేటర్ ఇచ్చి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించు. బండి జారదు, అలాగే నిలబడుతుంది. ఆ నిలబడటం ఒకసారి చూశావంటే నీ భయం సగం పోతుంది. అలాగని సిగ్నల్ పడేదాకా క్లచ్ మీదే ఆపి ఉంచకు, కాలిన వాసనొస్తుంది. ఆ వాసనకి మెకానిక్ దగ్గర ఎంతవుతుందో మీ నాన్ననడుగు.

నాన్న పక్కనుంటే టెన్షన్ అన్నావు. నాకు తెలీదా! నేను నడుపుతున్నా ఆయన కుడికాలు కింద మ్యాట్‌ని తొక్కుతూనే ఉంటుంది. కానీ ఎల్ఎల్ఆర్ మీద లైసెన్సున్న మనిషి పక్కన లేకుండా బండి తియ్యకూడదు, మనింట్లో ఇప్పుడు ఉన్నది ఆయనే. "ఆపు" తప్ప ఇంకో మాట అనొద్దని చెప్పాను. ఒప్పుకున్నారు, ఎన్నాళ్ళో చూద్దాం. పొద్దున్నే కాలనీ రోడ్లలో తిరగండి. హైవే జోలికి మాత్రం ఇప్పుడే వెళ్ళొద్దు. హనుమంతవాక దగ్గర లారీల మధ్య నేర్చుకోవాల్సిందేం లేదు. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ సంగతి సరేసరి, ఎటు దిగాలో తెలీక పాత డ్రైవర్లే తికమకపడతారు.

నాన్నమ్మ టెస్టు రోజు పొద్దున్న సంపత్ వినాయగర్ గుడికి తీసుకెళ్ళి నిమ్మకాయలు తొక్కిద్దామంటోందట. ముందురోజు సాయంత్రం ఆటోలో వెళ్ళి దణ్ణం పెట్టుకు రండి. ఆసీలుమెట్ట దగ్గర ఆ రద్దీలో, ఆ ఏటవాలులో బండి ఆపడం అసలు టెస్టు కంటే కష్టం.

టెస్టు రోజు చున్నీ వద్దు, హ్యాండ్ బ్రేక్‌లో పడుతుంది. మందం మడమ చెప్పులు కూడా వద్దు, క్లచ్ కాలికి తెలియాలి. ఆధార్, ఎల్ఎల్ఆర్, బండి ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ ఒక కవర్లో పెట్టుకో. సీటు, అద్దాలు సరిచేసుకుని, బెల్టు పెట్టుకున్నాకే ఇంజిన్ స్టార్ట్ చెయ్యి. అక్కడున్న ఇన్‌స్పెక్టర్ ఎదురుగా నిలబడి చూస్తున్నా తొందరపడకు.

శనివారం సాయంత్రం రైలుకి వస్తున్నాను. స్టేషన్‌కి నువ్వే నడుపుకుంటూ రా, నాన్నని పక్కన కూర్చోబెట్టుకో. మెయిన్ గేటు దగ్గర ఆటోల గోల, జ్ఞానాపురం వైపు రండి. అక్కడి నుంచి బీచ్ రోడ్డు మీదుగా పాండురంగాపురం డౌన్ ఎక్కి ఇంటికెళ్దాం. నేను వెనక సీట్లో కూర్చుంటాను, నోరెత్తను. జారకుండా ఎక్కించావా, ఆ రాత్రికే స్లాట్ బుక్ చేద్దాం. వెనకున్న ఎల్ బోర్డు ఓ మూల ఊడుతోంది, వచ్చేలోపు టేపు వెయ్యి.

అమ్మ