సూర్యాపేట బస్టాండులోని ఆ అమ్మకు

ఇది రాయడానికి మూడు రోజులు పట్టింది. నొప్పి తగ్గింది కానీ ఫోన్ వెలుతురు ఇంకా పడటం లేదు. బాగా తగ్గించి పెట్టుకుని, ఆగి ఆగి రాస్తున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి. ఇప్పుడు రాయకపోతే స్కూలు పనుల్లో పడిపోయి, ఆ అమ్మ గురించి ఎవరికీ చెప్పకుండానే ఉండిపోతానేమోనని భయం.

మొన్న శుక్రవారం హైదరాబాద్‌లో డాక్టరమ్మకు చూపించుకుని ఖమ్మం వస్తున్నాను. పొద్దున టిఫిన్ చేయలేదు. కిటికీ పక్క సీటు. ముందు పోయే లారీల అద్దాల మీద నుంచి ఎండ కళ్లలో కొడుతోంది. ఈ రెండూ కలిస్తే నాకేమవుతుందో తెలుసు. ఇంటికెళ్లి తిందాంలే అనుకున్నాను. సూర్యాపేటలో బస్సు ఆగితే బ్యాగు సీట్లో పెట్టి, ఫోనూ జీరో టికెట్టూ చేత్తో పట్టుకుని బాత్రూంకి దిగాను. బయటికి వచ్చేసరికి మొదలైంది.

మైగ్రేన్ అంటే తలనొప్పే కదా అనుకునేవాళ్లకు కొంచెం చెప్పాలి. నాకు నొప్పి కంటే ముందు చూపు పోతుంది. ఫొటో ఫ్లాష్ కొట్టాక కళ్లలో మిగిలే మచ్చలాంటిది ముందు వస్తుంది, చూపుకి కొద్దిగా కుడిపక్కన. ఎదుటి మనిషి ముఖంలో ఒక కన్ను ఉంటుంది, రెండోది ఉండదు. ఆ మచ్చ పెరిగి పెరిగి కొడవలిలా వంగుతుంది. దాని అంచు పోచంపల్లి చీర అంచులాగా కోసులు కోసులుగా మెరుస్తూ వణుకుతుంది. లోపల చీకటి కూడా ఉండదు, అసలేమీ ఉండదు. కళ్లు మూసుకున్నా ఆ మెరుపు పోదు, ఎందుకంటే అది కంట్లో జరిగేది కాదు. తల వెనక భాగంలో, చూపు తెలిసే మెదడు పొర మీద ఒక అల నిమిషానికి దాదాపు 3 మిల్లీమీటర్ల చొప్పున పాకుతుందట. డాక్టరమ్మ కాగితం మీద గీసి చూపించారు. నాకు అది పోవడానికి అరగంట పడుతుంది. ఆ తర్వాత ఎడమపక్క తల పగిలిపోయే నొప్పి, వాంతులు.

ప్లాట్‌ఫామ్ మీద నాలుగైదు బస్సులున్నాయి. ఒక బోర్డు మీద 'ఖ' కనబడుతోంది, దాని పక్కన ఏమీ లేదు. కండక్టర్ "ఖమ్మం, ఖమ్మం" అని పిలవడం వినబడింది కానీ ఎటువైపో తేల్చుకోలేకపోయాను. గోడ పట్టుకుని నిలబడ్డాను. నా బస్సు వెళ్లిపోయింది, నా మాత్రలున్న బ్యాగుతో సహా. తప్పు ఆయనది కాదు, దిగుతున్నానని నేను చెప్పలేదు.

"ఏమైంది బిడ్డా, గోడ పట్టుకొని నిలబడ్డవ్?"

బాత్రూంల దగ్గర కూర్చుని డబ్బులు తీసుకునే అమ్మ. అరవై దాటి ఉంటాయేమో. కళ్లు కనబడట్లేదమ్మా అన్నాను. ఇంకేమీ అడగలేదు. చెయ్యి పట్టుకుని చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే చిన్న గదిలోకి తీసుకెళ్లి, తన స్టూలు తెచ్చి వేసింది. లైటు ఆపింది. ఫినాయిల్ వాసనకు నాకు డోకు వస్తుంటే, నేను చెప్పకముందే ఆ బకెట్ బయట పెట్టేసింది. తువ్వాలు తడిపి నా కళ్ల మీద కట్టింది. వాంతి చేసుకుంటుంటే నుదురు పట్టుకుంది. కింద పడిందంతా తనే కడిగింది. ఛీ అనలేదు, మొహం చిట్లించలేదు. బయట ఎవరో డబ్బులివ్వడానికి పిలుస్తుంటే "ఆడ పెట్టి పోండ్రి" అని అక్కడి నుంచే చెప్పింది.

మా ఆయనకు ఫోన్ చేయాలని స్క్రీన్ చూస్తే సగం అంకెలు లేవు. కొంచెం చూడమ్మా అని ఫోన్ ఇచ్చాను. ఆ అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మెల్లగా చెప్పింది.

"నాకు సదువు రాదు బిడ్డా. నాకు బోర్డులన్నీ ఎప్పుడూ నీకు గిప్పుడు కనబడ్డట్టే. అడుక్కుంట పోత. అడిగితె ఎవలైన చెప్తరు. ఉండు, ఎవలనన్న పిలుస్త."

అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఆగలేదు. నేను లెక్కల టీచర్ని. బోర్డు మీద నేను రాసిన లెక్కే నాకు సగం కనబడనప్పుడు, పిల్లలకు తెలియకూడదని "ఎవరు చదువుతారు?" అంటూ నెట్టుకొచ్చేదాన్ని. స్టాఫ్‌రూంలో కూడా ఎవరికీ చెప్పేదాన్ని కాదు. ఆరేళ్లు ఇలాగే దాచాను. ఆ అమ్మ తన సంగతి ఎంత తేలిగ్గా చెప్పిందో! కళ్లకు గంతలతో, ముక్కూ మొహం తెలియని మనిషి భుజం మీద తల పెట్టి ఏడ్చాను. వీపు నిమురుతూ కూర్చుంది. గంటకు పైనే కూర్చుని ఉంటుంది.

ఈ ఆరేళ్లలో అంత సేపు నాతో కూర్చున్న డాక్టరు ఒక్కరే, ఇప్పుడు చూస్తున్న డాక్టరమ్మ. అంతకుముందు మూడుసార్లు కళ్లజోడు మార్పించారు. సైనస్ అని మందులిచ్చారు. స్కానింగ్‌లో ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకోండి అన్నారు. నెలసరి కోసం రెండేళ్లు హార్మోన్ మాత్రలు రాశారు. చూపు దెబ్బతినే మైగ్రేన్ ఉన్న ఆడవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న మాత్రలు వాడితే పక్షవాతం ముప్పు పెరుగుతుందని ఈ డాక్టరమ్మ చెప్పేదాకా నాకు తెలియదు. ఆ మాత్రలు రాసినవాళ్లు కళ్ల గురించి అడగలేదు, కళ్లు చూసినవాళ్లు ఏ మాత్రలు వాడుతున్నావని అడగలేదు. మందుల షాపులో నొప్పి మాత్రలు స్ట్రిప్పులకు స్ట్రిప్పులు ఇచ్చారు. అవి నెలలో సగం రోజులు మింగితే వాటి వల్లే మళ్లీ తలనొప్పి వస్తుందని కూడా ఆలస్యంగానే తెలిసింది. ఇన్సూరెన్స్ వాళ్లేమో అడ్మిట్ కాలేదు కాబట్టి రూపాయి రాదన్నారు. స్కానింగ్ నార్మల్ అయితే సెలవు ఎందుకని స్కూల్లో జీతం కోశారు. కనబడని జబ్బుకు సాక్ష్యం ఎక్కడి నుంచి తేవాలి? కోపం వస్తోంది, ఏమీ అనుకోవద్దు.

ఇది చదివేవాళ్లలో ఎవరికైనా ఇలా ఉంటే ఒక్క మాట. అలాంటప్పుడు ఒక్కో కన్ను మూసి చూడండి. రెండు కళ్లతోనూ ఒకేలా కనబడితే అది డాక్టరుకు చెప్పండి. ఒక్క కంటికే చూపు పోయినా, గంట దాటినా తగ్గకపోయినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, మొట్టమొదటిసారి ఇలా వచ్చినా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

చూపు తిరిగొచ్చాక ఆ అమ్మ నా టికెట్ తీసుకెళ్లి కంట్రోలర్ గారికి చూపించి వచ్చింది. ఆయన ఫోన్లు చేసి, బ్యాగు ఖమ్మం బస్టాండులో దింపిస్తామని కబురు చేశారు. నిమ్మకాయ షోడా తెప్పించి గుక్క గుక్కగా తాగించింది. సాయంత్రం మా ఆయన వచ్చి తీసుకెళ్లారు. ఇంటి దగ్గర అత్తమ్మ, పాప అన్నీ చూసుకున్నారు.

వెళ్లేటప్పుడు ఐదొందల నోటు చేతిలో పెట్టబోయాను. తీసుకోలేదు. "బాత్రూంకి పోయినవ్ గద, గా అయిదు రూపాలియ్యి" అంది. అవి ఇచ్చానో లేదో కూడా నాకు గుర్తులేదు, ఆమెకు గుర్తుంది. ఐదు రూపాయల బిళ్ల తీసుకుని డబ్బాలో వేసింది.

పేరు అడగలేదు. ఇంటికొచ్చాక అది తలుచుకుని మళ్లీ ఏడ్చాను. అమ్మా, మీరు ఇది చదవలేరని తెలుసు. సూర్యాపేటలో ఉన్నవాళ్లెవరైనా బస్టాండుకు వెళితే దయచేసి చదివి వినిపించండి. వచ్చే ఆదివారం నేనూ వస్తున్నాను. మీ తువ్వాలు నా దగ్గరే ఉండిపోయింది, ఉతికి పెట్టాను.

కంట్రోలర్ గారికి, బ్యాగు జిప్పు కూడా తీయకుండా భద్రంగా అప్పగించిన కండక్టర్ గారికి నమస్కారాలు. నా క్లాసులు తీసుకున్న హిందీ మేడమ్‌కు కూడా.

అయ్యో, ఆ అబ్బాయిని మర్చిపోయాను. ఆ అమ్మ పిలిస్తే వచ్చి, నా ఫోన్‌లో మా ఆయన నంబరు వెతికి కలిపింది కాలేజీ బ్యాగు వేసుకున్న ఒక అబ్బాయి. మా ఆయన ఎత్తేదాకా నాలుగుసార్లు చేశాడు. అతని బస్సు అప్పటికే కదులుతుంటే పరిగెత్తాడు. అందిందో లేదో తెలియదు బాబూ, నీకు చాలా థాంక్స్.