గ్లోవ్స్ సైజు గురించి నేను చెప్పింది సగమే నిజం

మా దగ్గర లెదర్ గ్లోవ్స్ కొన్నవాళ్లకీ, కొనాలని చూస్తున్నవాళ్లకీ ఒక విషయం నేరుగా చెప్పాలి. ఇన్నాళ్లూ సైజు గురించి ఎవరు అడిగినా "కాస్త బిగుతుగా ఉన్నవే తీసుకోండి, వాడేకొద్దీ సాగుతాయి" అంటూ వచ్చాను. అది సగమే నిజం. ఆ మాట నమ్మి కొందరు నష్టపోయారు.

పోయిన నెల ఒకావిడ తన జత తిరిగి పంపారు. కొని ఎక్కువ రోజులు కాలేదు, అప్పుడే కుడిచేతి మధ్య వేలి కొసన కుట్టు విచ్చుకుంది. దారం నాసిరకమేమో అనుకున్నాను. లైటు కింద పెట్టి చూస్తే దారం బాగానే ఉంది. సూది దిగిన రంధ్రాలే సాగి సాగి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి తోలు చిరిగింది. వేలిని లోపలి వైపు తిప్పితే కొసన గోరు ఒత్తుకున్న గుర్తు నెలవంకలా పడి ఉంది. ఆవిడ వేళ్లు గ్లోవ్ వేళ్ల కంటే పొడుగు, అంతే. అరచేతి దగ్గర చక్కగా సరిపోయింది కాబట్టి, వేళ్ల దగ్గర బిగుతు కూడా తగ్గుతుందని నా మాట మీద ఎదురుచూశారు. తప్పు ఆవిడది కాదు, నాది.

అసలు సంగతి కోత దగ్గరే ఉంది. గ్లోవ్స్ కోసే ముందు తోలును కొంచెం చెమ్మ చేసి నిలువుగా బాగా లాగుతాం. ఆ వైపు ఉన్న సాగుడంతా అప్పుడే తీసేస్తాం. లేకపోతే కొన్నాళ్లకే వేళ్లు పొడుగైపోయి కొసలు వేలాడతాయి. అడ్డంగా మాత్రం సాగుడు ఉంచుతాం, ఎందుకంటే పిడికిలి బిగించినప్పుడు చెయ్యి వెడల్పవుతుంది, ఆ కదలికకు తోలు లొంగాలి. కాబట్టి అరచేతి దగ్గర ఉన్న కొద్దిపాటి బిగుతు వాడకంలో సర్దుకుంటుంది. వేళ్ల పొడవు సర్దుకోదు. మొదటి రోజు వేలి కొస ఒత్తుకుంటే ఆరు నెలల తర్వాత కూడా ఒత్తుకుంటుంది, ఈలోపే కుట్టు పోకపోతే.

గ్లోవ్స్ మీద ఉండే 7, 7½, 8 లాంటి అంకెలు చేతి చుట్టుకొలతనే చెబుతాయి. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో గ్లోవ్స్ తయారుచేసిన గ్జావియే జూవాన్ 1834లో సైజుల పద్ధతి తెచ్చాక ఈ వ్యాపారం తీరే మారింది. కానీ ఒకే చుట్టుకొలత ఉన్న ఇద్దరి వేళ్లు ఒకే పొడవు ఉండాలని లేదు. ఇన్నాళ్లూ మేం ఆ ఒక్క అంకే అడిగి ఊరుకున్నాం. ఇక నుంచి రెండు కొలతలు అడుగుతాం.

మొదటిది, మీరు ఎక్కువగా వాడే చేతి చుట్టూ, వేళ్ల మొదళ్లలో కణుపులు ఉన్నచోట, బొటనవేలు వదిలేసి తీసే కొలత. బట్టలు కుట్టేవాళ్ల మెత్తని టేపు వాడండి, పిడికిలి సగం మూసి కొలవండి. చెయ్యి చాపి కొలిస్తే తక్కువ వస్తుంది. వచ్చిన అంగుళాలే దాదాపుగా మీ సైజు. రెండోది, అరచేతి వైపు మధ్య వేలి మొదట్లో ఉన్న గీత నుంచి కొస దాకా పొడవు. మా ప్రతి మోడల్‌కీ లోపలి వేలి పొడవు ఎంతో ఇప్పుడు రాసిపెడుతున్నాం, రెండూ పోల్చుకోండి.

చేతికి వచ్చాక నాలుగు వేళ్లూ ముందు దూర్చి, బొటనవేలు చివరగా దూర్చండి. రెండో చేత్తో వేళ్ల సందుల్లో మెల్లగా కిందికి నొక్కండి. మణికట్టు అంచు పట్టుకుని లాగొద్దు, చాలా జతలు అక్కడే చిరుగుతాయి. అప్పుడు పిడికిలి బిగించి చూడండి. సందుల్లో ఖాళీ మిగిలితే గ్లోవ్ వేళ్లు పొట్టి. అరచేతిలో తోలు ముడతలుగా పోగుపడితే సైజు పెద్ద. ఊలు లైనింగ్ ఉన్నవైతే మరీ బిగుతుగా తీసుకోవద్దు, లైనింగ్ నలిగితే వెచ్చదనం తగ్గుతుంది.

తోలు విషయానికొస్తే గొర్రెతోలు మెత్తన, తొందరగా చేతికి అలవాటవుతుంది. రోజూ మోటుగా వాడేవాళ్లకైతే మేకతోలుకే నా ఓటు. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను: మా పల్చని గ్లోవ్స్ బైక్ మీద నుంచి పడితే చేతిని కాపాడవు. అందుకోసం కణుపుల దగ్గర రక్షణ ఉన్న ప్రత్యేకమైన గ్లోవ్స్ కొనండి. అవి మేం తయారుచేయం.

ఇక వాడకం. తీసేటప్పుడు ఒక్క వేలి కొస పట్టుకుని లాగేయకుండా, ఒక్కో వేలినీ కొంచెం కొంచెం వదులు చేసి తీయండి. తడిస్తే పొడిబట్టతో అద్ది, ఆకారం సరిచేసి, నీడలో గాలికి ఆరబెట్టండి. ఎంత తొందరైనా హెయిర్ డ్రయ్యర్ వద్దు, ఎండ వద్దు. తడి తోలు పొడి తోలు కంటే తక్కువ వేడికే ముడుచుకుపోతుంది, ఒకసారి అలా బిగుసుకుంటే మళ్లీ మామూలవదు. శానిటైజర్ రాసుకున్న వెంటనే తొడగకండి, ఆల్కహాల్ రంగునీ పైపూతనీ తినేస్తుంది. తోలు ఎండిపోకుండా రాసే లెదర్ కండిషనర్ అప్పుడప్పుడు, బట్ట మీద చిటికెడు వేసుకుని రుద్దితే చాలు. పైన నూగులా ఉండే స్వేడ్ తోలుకు అది పూర్తిగా వద్దు, మెత్తని బ్రష్ ఒక్కటే.

దాచడంలో మేమే పొరపాటు చేశాం. గ్లోవ్స్‌ను ప్లాస్టిక్ కవర్లో బిగించి పంపేవాళ్లం. మా గోదాములోనే అలా ఉన్న కొన్ని జతలకు బూజు పట్టింది. వాటిని పక్కన పెట్టేశాం, అమ్మలేదు. చెమ్మ లోపలే ఉండిపోతే తోలుకు ఊపిరాడదు. ఇప్పుడు కాటన్ సంచీలో పంపుతున్నాం. మీ దగ్గర పాత కవర్ ఉంటే పారేసి, మడత లేకుండా చాపి, పొడిగా ఉన్న అరలో పెట్టండి. బూజు కనిపిస్తే ఆరుబయట బ్రష్‌తో దులిపి, కొద్దిగా తడిపిన బట్టతో తుడిచి, బాగా ఆరనివ్వండి.

నా సలహా విని బిగుతు సైజు కొని, వేలి కొసల్లో కుట్టు విడిపోయినవాళ్లు ఆ జత మాకు పంపండి. బాగయ్యేదైతే కుట్టి ఇస్తాం, కాకపోతే సరైన సైజు పంపుతాం. రెండింటికీ డబ్బు తీసుకోం, కొరియర్ ఖర్చు కూడా మాదే. పంపేటప్పుడు మీ అరచేతి పక్కన స్కేలు పెట్టి తీసిన ఒక ఫోటో కూడా జత చేయండి, ఈసారి వేలి పొడవు నేనే చూసి సైజు ఎంచుతాను.